పొలుసు తెచ్చిన తంటా

ఆ రోజుల్లో వరంగల్‌లో పరిశోధన చేయాలంటే ముందు అదేమిటో ఇంట్లోవాళ్లకు చెప్పగలగాలి. ఆ విద్య నాకు ఇప్పటికీ అంతంతమాత్రమే. మాది బట్టల దుకాణం. నీచు వాసన తగిలితే గడప కడిగే ఇల్లు. నేనేమో యూనివర్సిటీలో చారల చేపల్ని పెంచి, వాటి చర్మకణాలు గాయాన్ని ఎలా మాన్పుతాయో చూసే పనిలో చేరాను. (జీబ్రా ఫిష్ అంటారు, చిటికెన వేలంత కూడా ఉండవు.) "అద్దాల తొట్టిల చేపలే కదా, చూసుకోనీ" అని బాపు ఒప్పుకున్నాడు.

చేపకు మత్తిచ్చి ఒక్క పొలుసు తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, దాని మీది చర్మకణాలు ఇంకా బతికే ఉండి కదులుతూ కనిపిస్తాయి. చేపను నీళ్లలో వదిలితే కొన్నాళ్లకు అక్కడ కొత్త పొలుసు మొలుస్తుంది. ఎన్నోసార్లు చెడగొట్టాక ఓ సాయంత్రం నాకది కుదిరింది. సంతోషం పట్టలేక, కిక్కిరిసిన బస్సులోంచే అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, ఇయ్యాల చేప పొలుసు మస్తు మంచిగొచ్చింది, మా సార్ సుత మెచ్చుకున్నడు" అన్నాను. హారన్ల మధ్య అమ్మకు వినబడింది చేప పులుసు.

ఇంటికి వెళ్లేసరికి నా కంచం, గ్లాసు వాకిట్లో ఉన్నాయి. "రేపటి సంది కాలేజీ బంద్. చదువుకోను పంపితే వంటలు చేస్తాందట" అన్నాడు బాపు.

"పులుసు కాదు బాపూ, పొలుసు."

"రెండింట్ల చేప ఉన్నదా లేదా?"

(ఉంది.) ఏడుపొచ్చింది కానీ, ఏమైనా సరే మానేది లేదని అక్కడే నిలబడి అనుకున్నాను. బాపుకు ఎదురు చెప్పగలిగేది ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. ఆమె మడమ మీది షుగర్ పుండు ఎంతకూ మానడం లేదు. కట్టు మార్పించడానికి తీసుకెళ్లే పని నాది. తెల్లారి దవాఖానకని బయల్దేరి, ఆటోను యూనివర్సిటీ వైపు తిప్పించాను.

"ఇదేం దవాఖాననే?" అంది నాయనమ్మ, తొట్ల ముందు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

చేపను చూపించాను. "పొలుసు తీసింది దీనికే నాయనమ్మా. ఈదుతాంది చూడు. తీసిన కాడ కొత్తది మొలుస్తాంది."

ఆమె అద్దానికి కళ్లానించి చాలాసేపు చూసింది. కొంగు ఎప్పుడో జారిపోయింది. తర్వాత తన కాలి కట్టు వైపు చూసుకుంది. "గింతంత చేపకు మానుతాంది, నాకెందుకు మానదే?"

"అదే తెలుసుకుందామని చూస్తున్న."

"అయితే చూడు బిడ్డా. మీ బాపుకు నేను చెప్త."

ఏం చెప్పిందో తెలియదు, సాయంత్రానికి నా కంచం లోపలికి వచ్చింది. నా చదువు పూర్తయినా ఆమె పుండు మాత్రం పూర్తిగా మానలేదు. ఉన్నన్నాళ్లూ నేను ఇంటికి రాగానే, "పులుసు ఏడిదాక వచ్చిందే?" అని అడిగేది. నాకు చిర్రెత్తుకొచ్చేది, ప్రతిసారీ దిద్దేదాన్ని. ఇప్పుడు నా విద్యార్థులు కొత్త పొలుసు చూడమని పిలిస్తే, "పులుసు కుదిరిందా?" అని నా నోట్లోంచే వస్తుంది. మొహమాటానికి ఎవరూ దిద్దరు. ఒక్కరైనా నాలా చిరాకుపడి దిద్దితే బాగుండుననిపిస్తుంది.