రెండు కట్టల నీళ్లు

ఆ రోజుల్లో వార్తకు కాళ్లు లేవు, రైలు టికెట్టు మాత్రం ఉండేది. హైదరాబాదులో అచ్చయిన తెలుగు పేపరు రైలెక్కి, మూటల మధ్య నలిగి, ఒక రోజు ఆలస్యంగా షోలాపూర్ చేరేది. స్టేషన్ నుంచి భవాని పేట్‌లో మా గల్లీకి వచ్చేసరికి ఇంకో రోజు. ఇప్పుడు నువ్వేమో కుంభారి కాలనీలో మన మెట్ల మీద కూర్చుని, ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకుని, పొద్దుటి బస్సు రాలేదని కాలనీ మొత్తానికి చెప్పేస్తున్నావు. అది చూసినప్పుడల్లా నాకు నా పదహారో ఏడు గుర్తొస్తుంది. (రాస్తున్నావా? ఈ అమ్మమ్మ చెప్పినట్టే రాయి, నీ తెలివి కలపకు.)

మగవాళ్లు మగ్గాల షెడ్లకు పోయాక, గల్లీ ఆడవాళ్లమంతా పెద్దవ్వ వాకిట్లో చేటలు ముందు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. పెద్దవ్వ మా నాన్నకు వదిన. ఆమె వేళ్లు మగ్గం కన్నా నిలకడగా ఆడేవి కాబట్టి అందరూ మిషన్ పెద్దవ్వ అనేవాళ్లు. ఆ వాకిట్లో తెలుగు అక్షరం వచ్చింది నాకొక్కదానికే (మిగతా పిల్లలంతా మరాఠీ బడి, నాకు మా తాత పలక మీద నేర్పాడు). అందుకని నాకో గొప్ప ఉద్యోగం దొరికింది. నేను పేపర్ చదవాలి, చదివినంతసేపు నా వంతు బీడీలు వాళ్లు తలా కాసిని చుట్టి నా చేటలో పడేయాలి. అది నా చదువుకు దక్కిన గౌరవమని మురిసిపోయేదాన్ని. నేను చుట్టిన బీడీలు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకుంటే, ఆకు పాడుకాకుండా వాళ్లు కనిపెట్టిన ఉపాయమేమోనని ఇప్పుడు అనుమానం.

ఒకరోజు నేను మంత్రుల సంగతులేవో గట్టిగా చదువుతుంటే పక్కింటి మేకల అత్త ఆవలించింది. "గా హైద్రాబాద్ల ఎవని కుర్సీ పోతే నాకేందే పోరీ. మన నల్లాకు నీళ్లెప్పుడొస్తయో గది రాసిన్రా సూడు."

రాయలేదు. కానీ నాకు తెలుసు. పొద్దున చావీవాలాను నేనే అడిగాను. (చావీవాలా అంటే పొడుగాటి ఇనుప చావితో రోడ్డు మీది వాల్వు తిప్పి, గల్లీ గల్లీకి నీళ్లు వదిలే మనిషి.) నా నోరు ఊరుకోలేదు. పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుని, అచ్చులో ఉన్నట్టే గొంతు మార్చి చదివాను. "షోలాపూర్, భవాని పేట్. రేపు నల్లా నీళ్లు ఆలస్యంగా వచ్చునని తెలియవచ్చింది."

చేతులన్నీ ఆగిపోయాయి. "మన పేటనా?" అంది మేకల అత్త. "మన పేటనే," అన్నాను.

అంతే, ఆ రోజు నుంచి చివరి పేజీ నాది. పొద్దున్నే బిందె పట్టుకుని గల్లీ అంతా తిరిగి వార్తలు ఏరుకొచ్చేదాన్ని. ఏ మలుపులో దీపం ఆరిపోయింది, డాక్టర్ ఏ రోజు వస్తాడు, అన్నీ కళ్లతో చూసినవే (చాలా వరకు). మేకల అత్త మేక ఈనితే అదీ చదివాను. ఊపులో ఉండి, ఒక పిల్లకు బదులు రెండు పిల్లలన్నాను. ఇక చూడు, జనం వరస కట్టారు. "మా ఆయిన పేరు గూడ ఏపియ్యరాదే, జర మంచిగ," అని ఒకామె. "మాది మాత్రం రానియ్యకు, మా అత్త వింటది," అని ఇంకొకామె. నేను పేపర్ వాళ్లకు చెప్పి చూస్తానని గంభీరంగా తల ఊపేదాన్ని.

అప్పుడే నీళ్ల సంగతి బయటపడింది. మా ఇళ్లలో గడియారం లేదు. మాకు పెద్దవ్వ కట్టే గడియారం. ఆమె ఇరవై ఐదు బీడీలు చుట్టి, దారంతో కట్ట కట్టిందంటే పావుగంట, నిమిషం అటూ ఇటూ కాదు. అన్నం ఉడికేది రెండు కట్టల సేపు, ఆడబిడ్డ అలక నాలుగు కట్టల సేపు, అలా ఉండేవి మా లెక్కలు. నాలుగుసార్లు నీళ్లొచ్చినప్పుడు పెద్దవ్వను చేటతో సహా గల్లీ మలుపులో కూర్చోబెట్టి చూశాను. మా గల్లీకి రెండు కట్టల నీళ్లు. పక్క గల్లీకి ఎనిమిది. ఎందుకు కూర్చోబెట్టానో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. మర్నాడు పేపర్ విప్పి, నాకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ కలిపి చదివాను. "ఒక గల్లీకి రెండు కట్టలు, మరొక గల్లీకి ఎనిమిది కట్టలు. ప్రజలు విస్తుపోవుచున్నారు."

విస్తుపోయి ఊరుకుంటారనుకున్నాను. మేకల అత్త ఒళ్లు దులుపుకుని లేచింది. "పేపర్లకెక్కినంక ఇంక ఊకునుడేంది? నడువుండ్రి నీళ్ల ఆఫీసుకు. ఏ పోరీ, పేపర్ వట్టుకో."

గల్లీకి గల్లీ కదిలింది. నేను ముందు, పేపర్ నా చేతిలో. ఆ పేజీలో నిజానికి ఉన్నది తల నూనె ప్రకటన. ఆఫీసులో ఒక్కరు చదివినా చాలు, ఇంతమంది ఆడవాళ్లు సాహెబ్ ముందు అబద్ధాలకోర్లవుతారు, నీళ్లు మళ్లీ ఎవరూ అడగలేరు, ఇక నా మొహం నేనెక్కడ దాచుకోవాలి?

నీళ్ల ఆఫీసులో సాహెబ్ మరాఠీ మనిషి. "కాయ్ ఝాలం?" ఏమైందని అడిగాడు. "పేపర్‌మధ్యే ఆలంయ్ సాహెబ్," పేపర్లో వచ్చిందని చెప్పి, పెద్దవ్వ నా చేతిలోది లాగి బల్ల మీద పరిచింది. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తెలుగు ముక్క రాదు. ప్యూన్‌ను పిలిచాడు. ప్యూన్ మన తెలుగువాడే.

అతను పేపర్ మీదికి వంగాడు. ఎంతసేపటికీ లేవడు. చెవుల పక్కన చెమట. అప్పుడర్థమైంది నాకు, ఇతనూ మరాఠీ బడి బాపతే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు, ఆ మాట సాహెబ్ ముందు ఒప్పుకోలేడు. చివరికి నూనె ప్రకటన బొమ్మలోని ఆవిడ ముక్కు మీద వేలు పెట్టి, "హో సాహెబ్, లిహిలంయ్," అన్నాడు. అవును, రాసుంది అని.

"చదువు," అన్నాడు సాహెబ్ నాతో. నేను భయానికి మెత్తబడ్డాను. "మా గల్లీకి నీళ్లు కొంచెం తక్కువ వస్తున్నాయని..."

"కొంచెమేంది?" అంది మేకల అత్త వెనక నుంచి. "రెండు కట్టలని ఉన్నది గదా. సరిగ్గ సదువు."

ప్యూన్ మరాఠీలో చెప్పాడు. కట్ట అంటే ఏమిటని సాహెబ్ అడిగాడు. పెద్దవ్వ చంకలో ఉన్న చేట దించి, ఆఫీసు నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని, గోడ గడియారం వైపు గడ్డం ఎగరేసి, చుట్టడం మొదలుపెట్టింది. బల్లల దగ్గరివాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమె దారం ముడి వేసి కట్ట బల్ల మీద పెట్టేసరికి సరిగ్గా పావుగంట. "ఇంకోటి," అన్నాడు సాహెబ్, నమ్మలేక. ఇంకో పావుగంట, ఇంకో కట్ట. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చావీవాలాను పిలిపించాడు.

చావీవాలా దాచలేదు. "పక్క గల్లీలో కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు సాహెబ్, టైము తెలియదు," అన్నాడు. మావాళ్లే ముందు నవ్వారు. సాహెబ్ మాత్రం నవ్వకుండా, "రేపటి నుంచి రెండు గల్లీలకూ ఐదైదు కట్టలు," అని ఆర్డరేశాడు. గంటలు, నిమిషాలు మరిచిపోయి.

తిరిగొచ్చేటప్పుడు అందరూ ఎగిరి గంతేస్తున్నారు, నేను మాత్రం వెనకబడ్డాను. పెద్దవ్వ కొంగు పట్టి ఆపి చెప్పేశాను. "పెద్దవ్వా, గది పేపర్ల లేదు. అంత నేనే అల్లిన."

"తెల్సు," అంది ఆమె.

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది. కట్టలు లెక్క వెట్టింది నేను, రాత్రికి రాత్రి హైద్రాబాద్ల అచ్చయితదానే పిచ్చిదానా? మేకల అత్తకు తెల్వదా, దాని మేక ఎన్ని పిల్లల ఈనిందో?"

"మరి ఊకున్నరేంది?"

"నోటితోని చెప్తే చాడీ అంటరు. కాయితం సూసుకుంట చెప్తే వార్త అంటరు. మాకు గా కాయితం అక్కరకొచ్చింది, వాడుకున్నం." తర్వాత నా చెవి పట్టుకుంది, మెల్లగానే. "గని రేపటి సంది కాయితం పక్కకు వెట్టు. ముచ్చట మనదే, మనదే అని చెప్పు. తప్పయితే నిన్ను అడుగుతం. ఇంకోని పేరు మీద ఎందుకు?"

మర్నాడు పేపర్ లేకుండా కూర్చున్నాను. మొదటి వార్తగా, మేక ఈనింది ఒక్క పిల్లనేనని దిద్దుకున్నాను. రెండో వార్త నుంచే ఒక్కొక్కరూ లేచారు. "పేపర్ల లేకుంటే గదేం ముచ్చట," అని చేటలు తీసుకుని పోయారు. మిగిలింది ముగ్గురు. అందులో ఒకామె గోడకు ఆనుకుని గురక. అయినా వీధి దీపం సంగతి, డాక్టర్ సంగతి, ఐదు కట్టల నీళ్ల సంగతి, చివరిదాకా చెప్పాను. పెద్దవ్వ పిడికెడు బీడీలు నా చేటలో వేసింది. పది రోజులకు వాకిలి మళ్లీ నిండింది, అది వేరే.

నిన్న నీ వీడియో పన్నెండు మందే చూశారని మొహం ముడుచుకున్నావు చూడు, అప్పుడు నాకు ఆ పిల్లే కళ్ల ముందుకొచ్చింది. ఖాళీ చేతుల్ని ఏం చేయాలో తెలియక ఒళ్లో దాచుకుని, ఇద్దరికీ ఒక గురకకూ నీళ్ల టైము చెప్పిన పిల్ల. ఎంత మొండిదో. నాకిప్పుడు అంత ధైర్యం ఎక్కడిది? మొన్న నువ్వు ఫోన్ ముందు నాలుగు మాటలు చెప్పు అమ్మమ్మా అంటే, పౌడర్ రాసుకొస్తానని లోపలికి పోయి, తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను.