పీపాలో అంతకుముందు ఏముండేది

విస్కీలు పరీక్షించే పని జెలిగ్ రాబినర్ కోరి తెచ్చుకున్నది కాదు. గ్లాస్గో దక్షిణాన గిఫ్నాక్‌లో మందుల షాపు నడుపుకుంటూ ఉండేవాడు. అతనికి రసాయనశాస్త్రం తెలుసని, పైగా నోరు జారే మనిషి కాదని ఎరిగి, ఒక శుక్రవారం పొద్దున యూదుల మతగురువు రబ్బీ పిన్స్కర్ షాపుకొచ్చాడు. "ఒక్క ఏడాది చూసిపెట్టు జెలిగ్. ఈలోపు ఎవరో ఒకరు దొరక్కపోరు" అన్నాడు. ఆ మాటకు ఇరవై రెండేళ్లు నిండాయి. షాపు అమ్మేశాడు, మోకాళ్లు అరిగిపోయాయి, డెబ్బై దాటాయి. ఆ ఎవరో ఒకరు మాత్రం దొరకలేదు.

చెప్పుకోవడానికి పని తేలికే. విస్కీ అంటే బార్లీ, నీళ్లు, ఈస్టు. వాటిలో యూదుల తిండి నియమమైన కోషర్‌కు అడ్డొచ్చేదేమీ లేదు. చిక్కంతా పీపాలతోనే. ఇతరుల చేతి ద్రాక్షసారా యూదులకు నిషిద్ధం. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా నిలవున్న పీపాలో విస్కీ పోసి పదేళ్లు ఉంచితే, చెక్క పీల్చుకున్న సారా కొంత విస్కీలోకి దిగుతుంది. అందుకని జెలిగ్ ఏటా చలికాలంలో ఉత్తరాదికి రైలెక్కి, గడ్డకట్టే గోదాముల్లో తిరిగి, పీపాల రిజిస్టర్లు చూసి, ఏవి తాగొచ్చో ఏవి కూడదో ఒక కాగితం మీద రాసి తెచ్చేవాడు. ఆ కాగితం ప్రార్థనామందిరంలో కోట్లు తగిలించే చోట వేలాడేది. గ్లెన్‌హెస్సక్ అనే విస్కీ బట్టీవాళ్ల పదేళ్ల విస్కీకైతే రబ్బీ ముద్ర కూడా ఉండేది. శనివారం ప్రార్థన అయ్యాక అందరూ పోసుకునేది అదే.

పంతొమ్మిది వందల తొంభై ఆరు ఫిబ్రవరిలో గ్లెన్‌హెస్సక్‌కు వెళ్లేసరికి అతని ఒళ్లు హూనమైపోయింది. రెండు రైళ్లు, ఒక బస్సు, ఆపైన మైలు నడక. గోదాముల అధికారి ఇసొబెల్ గెడ్డెస్ వచ్చే నెలలో రిటైరవుతోంది. మొదటి ఏడు నుంచీ అతనికి పీపాలు చూపించింది ఆవిడే. ఆ రోజు పని ముగిశాక, పీపాలు బాగుచేసే షెడ్డు వైపు నడిపించింది.

"ఇదొకటి చూసి పోండి జెలిగ్ గారూ. మీ బస్సుకింకా టైముంది."

కారుతోందని విప్పేసిన పీపా అది. చెక్కలు నేలమీద వరసగా పరిచి ఉన్నాయి. లోపలివైపు ముదురు ఎరుపు. వంగితే ఎండుద్రాక్ష వాసన గుప్పుమంది. జెలిగ్ ఒక చెక్క చేతిలోకి తీసుకుని, కాసేపటి దాకా కింద పెట్టలేదు.

"ఇది మా ముద్ర పడే వరసలోదేనా?"

"అవునండీ. రెండుసార్లు విస్కీ పోసిన పీపా."

"దానికి ముందు?"

"దానికి ముందు షెర్రీ. స్పెయిన్ నుంచే కదా వచ్చింది."

జెలిగ్ చెక్కను కింద పెట్టాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదేం ఇసొబెల్?"

ఆవిడ తెల్లబోయింది. "ఇంతకుముందు ఇందులో ఏముండేదని అడిగేవారు. విస్కీ అనేదాన్ని. అది నిజమే కదా. ఆ ముందుకు ముందు ఏమిటని మీరెప్పుడూ అడగలేదు. మీ లెక్కలో అది పట్టింపు లేదేమో అనుకున్నా."

ఆవిడ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అలాంటివి ఎన్ని ఉంటాయని అడిగితే, మూడోవంతు ఉండొచ్చు, పాత రసీదులు తిరగేస్తే గాని తెలియదంది. తిరుగు రైల్లో జెలిగ్ ఇంటినుంచి తెచ్చుకున్న ఉడికిన గుడ్డు ఒలిచి, సగం తిని, మిగతాది కాగితంలో చుట్టేశాడు. కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

ఇంటికొచ్చి భార్య హిండాకు చెప్పాడు. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ వింది.

"అందరూ తాగారు, ఎప్పుడో అరిగించుకున్నారు. ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు?"

"చెప్పొద్దంటావా?"

"చెప్పకపోతే నువ్వు నిద్రపోవు. చెప్తే వాళ్లు నిన్ను నిద్రపోనివ్వరు. ముందు ఆ బూట్లు విప్పు."

మర్నాడు రబ్బీ అంతా విన్నాడు. రెండు గ్రంథాలు తెరిచి, మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తాగినవాళ్లకు దోషం లేదు. చెక్కలోంచి దిగే సారా ఆరోవంతు దాటదు, అంతకు లోపైతే లెక్కలోకి రాదు. పైగా రెండుసార్లు విస్కీ పోసిన పీపా. ఇలాంటి చోట సడలించిన పెద్దలున్నారు."

"మరి ముద్ర?"

"ముద్ర సంగతి వేరు. ముద్ర వేశామంటే మనం చూశామని. మనం చూడలేదు."

"చూడనిది నేను."

"మనం" అన్నాడు రబ్బీ, కళ్లద్దాలు పెట్టుకుంటూ.

శనివారం ప్రార్థన అయ్యాక, ఉప్పుచేప పళ్లేల చుట్టూ జనం మూగినప్పుడు, జెలిగ్ బల్ల చివర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. తను ఏం అడిగాడో, ఏం అడగలేదో కూడా దాచలేదు.

"ఆగాగు. ఇన్నేళ్లూ నేను దొంగతనంగా షెర్రీ తాగుతున్నానన్నమాట" అన్నాడు పళ్ల డాక్టరు మాంటీ గ్లిక్. "ముందే చెప్తే ఇంకాస్త రుచి చూసి తాగేవాణ్ణి కదయ్యా."

అందరూ నవ్వారు. నిస్సాన్ బ్రోడర్ నవ్వలేదు. ఎనభై ఏళ్ల మనిషి, ఒంటిగాడు. లిథువేనియాలోని కౌనాస్‌లో యుద్ధంలో పోయిన అన్న పేరున ఏటా శరదృతువులో ఒక గ్లెన్‌హెస్సక్ సీసా తెచ్చి, అందరికీ తన చేత్తో పోసేవాడు. నియమం తప్పుతుందేమోనని చుట్టాలింట్లో కూడా చెయ్యి కడగడు. చేతిలోని చిన్న గ్లాసు బల్లమీద పెట్టి జెలిగ్ దగ్గరికొచ్చాడు.

"రబ్బీ దోషం లేదన్నాడు. సరే, లేదు. అది కాదు నా బాధ." గొంతు పెంచలేదు. "నా గిన్నెలు నేనే తోముకుంటా. మా మేనకోడల్ని కూడా ముట్టుకోనివ్వను. ఇంత ఊళ్లో ఒక్క నిన్ను నమ్మాను. నువ్వు చూశావనుకున్నా."

ముసలాయన కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వీధిలో ఎదురైనా పలకరించడం మానేశాడు.

సోమవారం జెలిగ్ రాజీనామా రాసి రబ్బీకిచ్చాడు. రబ్బీ దాన్ని విప్పకుండానే జేబులో పెట్టుకుని, "పెసహ్ పండగ అయ్యాక చదువుతాలే" అన్నాడు. పండగ వచ్చింది, పోయింది. ఆయన చదవలేదు. జెలిగ్ అడగలేదు.

ఆ ఎండాకాలం జెలిగ్ తన కాగితం పట్టీలో ఉన్న పదకొండు బట్టీలకూ మళ్లీ తిరిగాడు. ఈసారి పీపా పుట్టిననాటి నుంచీ అడిగాడు. కొందరు విసుక్కున్నారు. ఒక కుర్ర మేనేజరైతే "పీపాలకు జాతకాలు రాయించలేదండీ" అన్నాడు. అయితే మా పట్టీలో మీ పేరుండదని చెప్పి, జెలిగ్ వానలో బస్టాపుకు నడిచాడు. నాలుగు పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన ప్రతిసారీ హిండా బకెట్లో వేణ్ణీళ్లు పోసి అతని కాళ్ల దగ్గర పెట్టేది.

జులైలో ఇసొబెల్ దగ్గర్నుంచి లావుపాటి కవరొచ్చింది. రిటైరయ్యాక కూడా గోదాముకెళ్లి రెండు వారాలు కూర్చుని పాత రసీదులన్నీ తిరగేసిందట. ఎన్నడూ సారా ఎరగని పీపాలు నూట నలభై ఒకటి. నంబర్లన్నీ తన చేత్తోనే రాసింది. అడుగున ఒక్క వాక్యం: "ఇవి మాత్రం కళ్లు మూసుకుని నమ్మొచ్చు, అయినా మీరొచ్చి చూస్తారని తెలుసు." వెళ్లి చూశాడు. వాటినుంచి నింపిన సీసాలకే ఇక ముద్ర వేస్తామని రబ్బీ, గ్లెన్‌హెస్సక్ వాళ్లు ఒప్పుకున్నారు. అవి బజారుకు రావడానికి ఇంకో ఏడాది పడుతుంది.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున తలుపు చప్పుడైంది. గడపలో నిస్సాన్.

"ఇవాళ మా అన్న దినం. ఏం పట్టుకెళ్లమంటావు?"

"విస్కీ వద్దు నిస్సాన్ గారూ. మీకు పూచీపడి చెప్పగలిగేంతగా ఏదీ ఇంకా తేలలేదు" అన్నాడు జెలిగ్. "బజార్లో బంగాళాదుంప వోడ్కా దొరుకుతుంది. దానికి పీపాతో పనే లేదు."

ముసలాయన తలూపాడు. వెళ్లబోయి ఆగాడు.

"ప్రార్థనకు పదిమంది ఉండాలి. తొమ్మిదిమందే తేలారు. మాంటీకి జలుబట."

"మందిరం మెట్లెక్కలేనండీ, మోకాళ్లు..."

"నాకు మాత్రం ఎక్కాలనుందా? పద."

జెలిగ్ కోటు తొడుక్కున్నాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద, ఆగి ఆగి, ముందు వోడ్కా కొనడానికి బయల్దేరారు.