కడిగిన తర్వాత వచ్చిన అంకె

ఇన్నేళ్ళూ దీన్ని ఒక్కదాన్నే మోశాను. మా ఆయనకు చెప్పలేదు, మా అక్కకూ చెప్పలేదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి. అంత ధైర్యం ఇంకా రాలేదు. పోయిన వారం జమ్మలమడుగులో జరిగినదాని తర్వాత ఇక దాచుకోలేకపోతున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను కెమిస్ట్రీ పరిశోధకురాలిని. కొన్ని మందుల అణువులు రెండు రూపాల్లో పుడతాయి, మన కుడిచేయి, ఎడమచేయి లాగా. చూడటానికి ఒకటే, కానీ ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు. ఒకటి రోగం తగ్గిస్తుంది. రెండోది ఎందుకూ పనికిరాదు, ఒక్కోసారి హాని చేస్తుంది. మామూలుగా చేస్తే రెండూ సగం సగం వస్తాయి. కావలసిన రూపమే పుట్టేలా చూసే క్యాటలిస్టును తయారుచేయడం మా పని. నా క్యాటలిస్టుతో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కుడిరూపమే వస్తుందని పేపరు రాశాను. ఆ పేపరుతోనే ఉద్యోగం వచ్చింది. పేరు వచ్చింది. ఎక్కడెక్కడివాళ్ళో తమ పేపర్లలో దాన్ని ప్రస్తావించారు.

అది అబద్ధం.

కావాలని మొదలుపెట్టలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! మాది ప్రొద్దుటూరు, నాన్నకు బంగారు అంగడి ఉండేది. పాత నగ వస్తే అందులోని మైనం, మురికి తీసేసి, శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే తూకానికి పెట్టేవాడు. చిన్నప్పటి నుంచీ చూసిన పని అది. ల్యాబులో నాకు వచ్చిన పొడి జిగటగా ఉంటే, ఏమీ ఆలోచించకుండా చల్లటి ద్రావకంతో కడిగి, ఆ తర్వాత పరీక్షకు పెట్టాను. తొంభై తొమ్మిది! మా గైడు ఆ సాయంత్రమే అందరికీ మిఠాయి పంచాడు.

కడిగిన ద్రావకం ఇంకా బల్ల మీదే ఉంది. కొన్నాళ్ళకు ఎందుకో దాన్నీ పరీక్షించాను. ఎడమరూపమంతా అందులో ఉంది. నా క్యాటలిస్టు గొప్పదేం కాదు, కడగడం వల్ల శుద్ధి అయిందంతే. ఈసారి కడగకుండా చేసి చూస్తే ఎనభై వచ్చింది. మళ్ళీ చేసినా అంతే. నగకు మురికి తీసేస్తే బంగారం ఎంతుందో తేలుతుంది. ఇక్కడ నేను తీసేసింది మురికి కాదు, నా ఓటమి. అప్పుడైనా గైడుతో చెప్పొచ్చు కదా? తొంభై తొమ్మిదనే పేపరు రాసి పంపాను. పేపరులో కడిగిన సంగతి మాత్రం రాయలేదు. అక్కడితో పొరపాటు పోయి మోసం అయింది.

నా పేపరును ప్రస్తావించినవాళ్ళే గానీ చేసి చూసినవాళ్ళు తక్కువ. ఓబులేసు చేసి చూశాడు.

అప్పట్లో వేరే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రవాడు, వేంపల్లె దగ్గర పల్లె అతనిది. నేను సెలవులకు ప్రొద్దుటూరు వచ్చానని తెలుసుకుని, పులివెందుల అరటిపండ్ల గెల ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ రియాక్షన్ నాకు రావడంల్యా మేడం. శానాసార్లు జేసినా."

"ఎంత వస్తాంది?"

"ఎనభై దాటడంల్యా. యాడ తప్పు జేస్తాండానో తెలీడంల్యా. ఈసారి గూడా రాకపోతే మానుకోమంటాండాడు మా గైడు. నా చేతులే మంచియి గావేమో మేడం."

అదే అంకె. కడగకుండా చేస్తే నాకు వచ్చిన అంకె! కడుగు, తొంభై తొమ్మిది వస్తుంది, అది క్యాటలిస్టు గొప్ప కాదు అని ఒక్క మాట చెబితే అతని చదువు నిలబడేది. నా నోట ఏం వచ్చిందో తెలుసా?

"తేమ తగుల్తాందేమో చూడప్పా. గాజుసామాను బాగా ఆరబెట్టి మళ్ళా చెయ్."

"సరే మేడం. మళ్ళా జేస్తా," అన్నాడు సంతోషంగా. నేను అతనికి కాఫీ కూడా ఇచ్చాను.

ఆ తర్వాత అతను ఏమయ్యాడో కనుక్కోలేదు. కనుక్కోకూడదనే అనుకున్నాను.

పోయిన వారం జమ్మలమడుగులో ఒక కాలేజీవాళ్ళు నాకు సన్మానం చేస్తామంటే వెళ్ళాను. శాలువా పట్టుకుని ఒక లెక్చరర్ ఎదురొచ్చాడు. ఓబులేసు! పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి అక్కడ ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాడట. కోపంగా ఉన్నా బాగుండేది. మైకు తీసుకుని నన్ను పొగిడాడు. ఈ మేడం చేసింది నేను ఏండ్ల తరబడి చేసినా నాకు రాలేదు, పరిశోధనకు అటువంటి చేతులు ఉండాలని పిల్లలకు చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. తన ఓటమినే నా గొప్పతనానికి సాక్ష్యంగా చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత మైకు నా చేతికిచ్చారు. ఇప్పుడైనా చెబుతాను అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ ఓపిక ఉంటే ఎవరికైనా ఫలితం వస్తుందని అన్నాను. అతని ఎదుట! అంత మాట ఎలా అనగలిగాను? నేనింతకు తెగించే మనిషినని నాకే తెలియదు. అతను తలూపాడు, తనకే ఓపిక చాలలేదన్నట్టు.

నా పేపరు వేసిన పత్రికకు ఈ నిజం రాస్తానో లేదో తెలియదు. ఓబులేసుకు చెప్పగలనో లేదో అదీ తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కానీ ఇక్కడ రాస్తుంటే మొదటిసారి ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకే అతనితో అనాల్సింది మీతో అంటున్నాను.

ఓబులేసూ, నువ్వు ఏ తప్పూ చేయలేదప్పా. నాకూ ఎనభైయే వచ్చింది.