పొద్దువాలితే పని అడిగిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిందట. మొన్న గూడూరు స్టేషన్లో మా ఊరి చేపలామె గంప దించుకుంటూ చెప్పింది. "నిద్దర్లోనే పోయిందమ్మా, బాధ పడలేదు" అంది. ఇంతలో రైలొస్తే ఎక్కేసింది. నేను వచ్చిన పని మరిచిపోయి బెంచీ మీదే కూర్చుండిపోయాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను పులికాట్ సరస్సు ఒడ్డున ఆ ఊరికి కోడలిగా వెళ్ళాను. ఆమె మాకు చుట్టం కాదు. ఊరంతా పెద్దమ్మ అంటే నేనూ అలాగే పిలిచాను. ఎప్పుడో నడుం పట్టేస్తే ఒక వైద్యుడు ఆవగింజంత నల్లమందు ఇచ్చాడట. నొప్పి పోయింది, మందు ఉండిపోయింది.

దొరవారిసత్రంలో ఇచ్చిన కూతురు ఒకసారి చంటిదాన్ని తల్లి దగ్గర వదిలి నీళ్ళకు వెళ్ళింది. పెద్దమ్మ మత్తులో తూగుతుంటే పిల్ల పాకుతూ పోయి పొయ్యిలో చెయ్యి పెట్టింది. ఏడుపు విని నేనూ మా అత్తా పరిగెత్తాం.

"ఇంక నా బిడ్డని నీ కంటికి చూపించను" అని కూతురు ఆ పూటే వెళ్ళిపోయింది.

పెద్దమ్మ ఆ వారమే మందు మానేసింది. ఒళ్ళంతా వణుకు, వాంతులు. మా అత్త గంజి తాగించేది, నేను కాళ్ళు పట్టేదాన్ని. లేచి తిరుగుతుంటే ఊళ్ళోవాళ్ళు గండం గడిచిందన్నారు. ఆమె కష్టం అప్పుడే మొదలైంది. పొద్దువాలితే అది మందు వేసుకునే వేళ. సరిగ్గా అప్పుడు మా వాకిట్లో నిలబడేది.

"ఏం పనుండాది అమ్మాయ్?"

రొయ్యలు ఒలిచేది, పిండి విసిరేది. ఏ పనీ లేకపోతే నేను ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది.

చాలా కాలం అలా గడిచాక ఒక సాయంత్రం రాలేదు. మనవరాలికి కూతురు చెవులు కుట్టించి, తనను పిలవలేదని తెలిసిందట. మర్నాడు పొద్దున్నే వచ్చి మా అత్త ముందు కూలబడింది.

"నిన్న మందు తినేసినాను వదినా."

 మా అత్త చింతపండు చాట ఆమె ముందుకు జరిపింది. "నిన్న తిన్నావు. ఇయ్యాళ గింజలు తియ్యి" అంది. పెద్దమ్మ ఏడుస్తూనే గింజలు తీసింది. ఆ సాయంత్రం మళ్ళీ వచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత అడిగాను. "ఇంకా అనిపిస్తుందా పెద్దమ్మా?"

"అనిపించకేం? పొద్దుగూకితే అది వస్తానే ఉండాది. నేను ఇంట్లో ఉంటే గదా దానికి దొరికేది!" అని నవ్వింది.

"కూతురు వస్తుందనేనా ఇంత పట్టుదల?"

"మొదట్లో అందుకే. ఇప్పుడు నాకే బాగుండాది. పొద్దున లేస్తే ఉప్పుగాలి వాసన తెలస్తా ఉండాది."

ఒక చలికాలం కూతురు వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. "నాయుడుపేట సంతకి పోయొస్తానమ్మా. పిల్ల నీ దగ్గరుంటుంది" అంది. క్షమించానని గానీ, మరిచిపోయానని గానీ అనలేదు. పెద్దమ్మ తల ఊపింది. 

మధ్యాహ్నం నేను ఒడ్డుకు వెళ్ళేసరికి ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. ఎత్తుకునే వయసు దాటిపోయిన పిల్ల చంకలో ఉంది. దూరంగా మేస్తున్న ఎర్రకాళ్ళ కొంగల్ని చూపిస్తోంది. అవన్నీ ఒక్కసారి పైకి లేచాయి. రెక్కల కింది ఎరుపు నీళ్ళ మీద పడింది. పిల్ల కేరింతలు కొట్టింది. పిల్లకంటే గట్టిగా పెద్దమ్మ కేరింత కొట్టింది.