బంగారి ముర్రుపాలు

పోతమ్మ పందులు పెంచుతోందంటే భీమునిపట్నం దగ్గరున్న పుట్టింటివాళ్లు ముక్కు మూసుకుంటారు. ఆదివారం మాంసం మాత్రం మొహమాటం లేకుండా పట్టుకుపోతారు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని పోయాక మొగుడు తాతబాబు ఆటో నడుపుతూ గాజువాక హోటళ్ల కుడితి డ్రమ్ముల్లో తెస్తున్నాడు. ఊరి చివర రేకుల పాకలో ఆ కుడితి పోసి పందుల్ని సాకేది పోతమ్మే. నోరు పెద్దది గానీ మనసు వెన్న.

రెండు ఈతల నుంచి ఆమెకి కలిసిరావడం లేదు. పందిపిల్లలు నిక్షేపంగా పుట్టేవి, వారం తిరక్కుండా పారుడు రోగం పట్టి ఒక్కొక్కటే వాలిపోయేవి. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. పోతమ్మ పాక గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది, గుమ్మడికాయ కొట్టింది, ఓ పొరుగామెతో మాటలు మానేసింది. అయినా చావులు ఆగలేదు. నష్టానికి మిగతావాటిని అమ్ముకోగా, చివరికి బంగారి అనే తల్లిపంది ఒక్కటే మిగిలింది. ఇదీ పోతే పాక విప్పుకోవడమే.

ఆ పొద్దున బంగారి ఈనడం మొదలుపెట్టింది. నాలుగు పిల్లలు సబ్బుబిళ్లల్లా జారి పడ్డాయి. పోతమ్మ ఒక్కోదాన్నీ తుడిచి, గోనెపట్టా పరిచిన గంపలో వేసింది. పుట్టింట్లో గేదె ఈనితే వాళ్లమ్మ అలాగే చేసేది. కడుపులోని మాయ బయటపడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానిచ్చేది కాదు, ముందే తాగితే మాయ లోపలే ఉండిపోతుందని. ఆ నమ్మకం పోతమ్మకి ఉగ్గుపాలతో వచ్చింది; దగ్గరుండి పురుడు పోయడం మొదలెట్టిన ఈ రెండు ఈతలుగా పందులకీ అదే పాటిస్తోంది.

నాలుగో పిల్ల తర్వాత బంగారి ఆగిపోయింది. కడుపు నిండుగానే ఉంది, నొప్పులు లేవు. నోరు తెరుచుకుని రొప్పుతోంది. పోతమ్మ దాని పొట్ట నిమిరి చూసింది. పశువుల డాక్టరు రోజారమణికి ఫోన్ చేసింది.

"డాట్రమ్మా, మా బంగారి ఆగిపోనాది! నాలుగేసినాది, ఇంక రాటం నేదు!"

"పుట్టినవి పాలు తాగుతున్నాయా?"

"మాయ పడకండా ఎలాగ తాగనిత్తానమ్మా? గంపలో ఎట్టినాను."



"పోతమ్మా, గేదెకి ఒక్కటే దూడ. దీనికి డజను. ముందు వాటిని చన్నులకి పెట్టు. అవి చీకితే తల్లికి నొప్పులు అందుకుంటాయి. నేను బయల్దేరుతున్నా."

వాళ్లమ్మ మాట దాటడానికి మనసొప్పలేదు. అయినా నాలుగింటినీ తెచ్చి పెట్టింది. కాళ్లు సరిగా నిలవని ప్రాణులు, ఎవరూ దారి చూపకుండానే చన్ను వెతుక్కుని కరుచుకున్నాయి. బంగారి గొంతులో సన్నగా గురగుర మొదలైంది. చిక్కటి పాలు పిల్లల మూతుల వెంట కారాయి. కాసేపటికి కడుపు రాయిలా బిగిసింది. ఐదో పిల్ల బయటపడింది.

"ఓలమ్మో!" అంది పోతమ్మ. అప్పుడే పుట్టిన పసికందులు లోపలున్న తోబుట్టువుల్ని బయటికి పిలుచుకుంటున్నాయి.

డాక్టరమ్మ వచ్చేసరికి పిల్లలు వరస కట్టి పుడుతున్నాయి. ఆమె బంగారిని పరీక్షించి, పక్కన చతికిలబడింది.

"కడుపులో ఉండగా తల్లి రక్తంలో రోగాల్ని ఆపే రక్షణ పిల్లకి చేరదు పోతమ్మా. అదంతా ఈ ముర్రుపాలలోనే, ఈనగానే వచ్చే తొలిపాలలోనే దాస్తుంది. ఈనడం మొదలైనప్పుడు ఆ పాలకున్న బలం గంటగంటకీ తగ్గిపోతుంది. రోజు దాటితే పిల్ల పేగు కూడా దాన్ని తీసుకోదు."

పోతమ్మ మూలనున్న ఖాళీ గంప వైపు చూసింది.

"అయితే దిష్టి కాదన్నమాట," అంది. "వోటిని నానే సంపుకున్నాను."

"తెలిసి చేశావా ఏంటి? ఇదిగో, ఆఖరుది వస్తోంది చూడు."

ఆఖరుది పిడికెడంత ఉంది. పల్చబడకముందే దానికి ఆ పాలు దక్కాలి. ముందు పుట్టినవేమో పొట్టలు పగిలేలా తాగి కూడా చన్నులు వదలడం లేదు. పోతమ్మ వాటిని లాగి ఒళ్లో వేసుకుని, గింజుకుంటుంటే కొంగు కప్పి అదిమిపెట్టింది. డాక్టరమ్మ చిన్నదాని మూతిని చన్నుకి ఆనించింది. అది వదిలేసింది. మళ్లీ ఆనించింది. చిన్నదాని గొంతు ఒకసారి కదిలింది, తర్వాత ఆగకుండా కదులుతూనే ఉంది.

కుడితి డ్రమ్ములతో వచ్చిన తాతబాబుకి, కళ్లనీళ్లతో రెండు చేతులూ జోడించిన పెళ్లాం కనబడింది.

"ఏటే, పందికి దండమెడతన్నావేటి?"

"ముందు సెప్పులిప్పు," అంది పోతమ్మ. "నువ్వూ ఎట్టు."