విల్లు బాబాయి వంచిన వీధి

“సూటిగా రాస్తే ఎవరు చదువుతారమ్మా? చూపు ఇటు నుంచి ఎక్కి అటు జారిపోతుంది. అదే కాస్త వంచి రాశామనుకో, ఎక్కాలి, దిగాలి. దిగేలోపు నీ కొట్టు పేరు నోటికొచ్చేస్తుంది!”

బోర్డుల డిజైనరు కంప్యూటరు ముందు కూర్చుని ఇలా చెబుతూంటే, పక్కన స్టూలు మీదున్న టైలరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదేళ్లు పరాయి మిషన్ల మీద కుట్టి కుట్టి ఇన్నాళ్లకి సొంత కొట్టు పెట్టుకుంటోంది. ఎల్లుండి పొద్దున్నే తెరవాలి. రోడ్డు అవతలి నుంచి కనిపించేలా, సూటిగా, ఒక బోర్డు కావాలి. అంతే ఆవిడ కోరిక. చుట్టుపక్కల బోర్డులు చేసేది ఈయనొక్కడే. ఈయన చెయ్యని పనల్లా సూటిగా రాయడం ఒక్కటే.

అందుకే వీధి వీధంతా ఆయన్ని విల్లు బాబాయి అంటుంది. అక్షరాలని విల్లులా వంచకుండా ఆయన దగ్గర్నుంచి ఏ బోర్డూ గడప దాటదు. పంక్చర్ల షాపు పేరు టైరు చుట్టూ తిప్పాడంటే సరేలే అనుకోవచ్చు. భూములు కొలిచే సర్వేయరు బోర్డు కూడా వంచేశాడు. “సూటిగా గీతలు గీసి బతికేవాణ్ణయ్యా!” అని ఆయన లబోదిబోమంటే, “మీరు కొలిచే భూమి గుండ్రంగానే ఉంది కదండీ” అన్నాడట. క్లినిక్కులో ‘వరుసలో నిలబడండి’ అన్న నోటీసు వంచి ఇస్తే, మర్నాటి నుంచి రోగులు డాక్టరుగారి తలుపు ముందు అర్ధచంద్రాకారంలో నిలబడుతున్నారని కాంపౌండరు ఇప్పటికీ గోలపెడతాడు.

“బాబాయ్, నాది మాత్రం సూటిగా పెట్టవూ?”

“చొక్కా మెడ సూటిగా కత్తిరిస్తావా?”

“కత్తిరిస్తే తల దూరదు.”

“మరి! చూపు దూరొద్దూ?”

టైలరమ్మకి ఒక బలహీనత ఉంది. కళ్లెదుట ఏ పని జరుగుతున్నా, అదెలా చేస్తారో తెలుసుకోకుండా అక్కణ్ణుంచి కదల్లేదు. కుట్టుపని కూడా పాత చొక్కాలు విప్పి విప్పి నేర్చుకున్నదే. కోపాన్ని కాసేపు పక్కన పెట్టి తెర వైపు వంగింది. ఆయన ఎప్పుడో దాచుకున్న ఫైలొకటి తెరిచాడు. అందులో ఒకే ఒక్క వంపు గీత.

“ప్రతిసారీ కొత్తగా గియ్యవా?”

“ఇది చాల్లే” అని గీత మీద క్లిక్ చేసి టైపు చేస్తుంటే, అక్షరాలు తీగ మీద పిట్టల్లా ఒక్కొక్కటే వచ్చి వాలాయి.

“అయ్యో, వత్తులు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయే!”

“భలే పట్టేశావ్! గీత పైకి వంగితే అక్షరాల తలలు దూరమవుతాయి, పాదాలు దగ్గరవుతాయి. మన వత్తులన్నీ ఉండేది పాదాల దగ్గరేగా. ఇదిగో, ఇక్కడ ఎడం పెంచాలి.”

“మెడ పట్టీ తిప్పేటప్పుడు ముడత పడకుండా గాట్లు పెడతాం, అలాగన్నమాట.”

“నువ్వు కొట్టు మూసేసి నా దగ్గర చేరిపో!”

“తెరవనిదే మూసేదెట్లా? ఇంతకీ ఈ గీతని సాపు చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?”

“రెండు క్షణాలు.”

“చెయ్యి మరి.”

“చెయ్యను.”

ఇంతలో ఫోను మోగి ఆయన బయటికి వెళ్లాడు. రెండు క్షణాల పనే కదా, నేనే చేసుకుంటానని టైలరమ్మ మౌసు అందుకుంది. ఫైలులో బొమ్మలు పొరలు పొరలుగా ఉంటాయని, పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే పొర కనిపిస్తుందని, మళ్లీ నొక్కితే మాయమవుతుందని ఇందాకే ఆయన చెప్పాడు. అన్నింటికన్నా అడుగున ఒక పొరకి కన్ను మూసి ఉంది. ఆవిడ చెయ్యి ఊరుకుంటుందా? నొక్కింది.

వంపు గీత కింద ఒక ఫోటో తేలింది. సగం రాసిన షట్టరు. దాని ముందు కుంచెతో, వీధిలో షట్టర్ల మీద పేర్లు రాసే పెయింటరు పెద్దాయన. ఆయన రాసిన అక్షరాలు మెల్లగా పైకెక్కి, మెల్లగా కిందికి దిగాయి. బాబాయి గీత సరిగ్గా వాటి పాదాల కిందుగా పోతోంది, వెంట్రుకంత తేడా లేకుండా.

“తెరిచేశావూ?” వెనక నుంచి బాబాయి గొంతు, దొంగతనం బయటపడ్డవాడిలా. “నిచ్చెన మీంచి పడ్డాక ఆయన భుజం బిగుసుకుపోయిందమ్మా. మోచెయ్యి ఒక్కటే తిరుగుతుంది. ఎంత సూటిగా పోదామన్నా చెయ్యి గుండ్రంగా తిరిగొచ్చేస్తుంది. లైను వంగిపోయిందని అందరూ షట్టర్లివ్వడం మానేశారు. నాకు కుంచె పట్టడం నేర్పింది ఆయనే.”

“అందుకని వీధి మొత్తం వంచేశావా?”

“పైన బోర్డు వంగి ఉంటే కింద షట్టరు మీద సూటిగా రాయిస్తారా ఎవరైనా? ఇప్పుడందరూ వంపు కావాలని ఆయన దగ్గరికే పోతున్నారు. ‘ఈ కాలం వాళ్లకి ఇదేం పిచ్చిరా, సూటిగా రాయించుకోవడానికేం రోగం?’ అని ఆయనేమో నన్ను తిడుతున్నాడు.”

“మరి సర్వేయరుగారు?”

“పెద్దాయన చేత గేటు మీద కూడా రాయించుకున్నాడు. వంపుగానే!”

టైలరమ్మ పకపకా నవ్వి, మళ్లీ తెర వైపు తిరిగింది. గీత జోలికి పోలేదు. ఇంకా ఒరుసుకుంటున్న రెండు వత్తుల మధ్య ఎడం మాత్రం రవ్వంత పెంచి, “ఇప్పుడు ప్రింటు తియ్యి” అంది.

ప్రింటయిన ఫ్లెక్సీ బోర్డుని చుట్టచుట్టి చేతికిస్తూ బాబాయి గుమ్మం దాకా వచ్చాడు.

“అమ్మాయ్, పోతూ పోతూ పెద్దాయన ఇంటి దగ్గర ఆగు. నీ షట్టరు మీద కూడా రాసిపెట్టమను. వంపు కావాలని నేను చెప్పమన్నానని మాత్రం అనకు, నువ్వే ముచ్చటపడి అడిగినట్టు అడుగు. ముందు కాస్త విసుక్కుంటాడు. ఏమీ అనుకోకుండా బతిమాలు.”