నాకు కనిపించని కోతి

నాకు పక్షవాతం వచ్చిందంటే ఎవరూ నమ్మరు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మూతి వంకర పోలేదు. పోయిందల్లా ఎడమ పక్క చూపు. కళ్ళకేమీ కాలేదు. తల వెనక, మెదడులో చూపు సంగతి చూసుకునే చోట, కుడివైపు రక్తం అందక దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. దాంతో రెండు కళ్ళకీ ఎడమ సగం లేకుండా పోయింది. ఆ పక్క చీకటిగా ఉంటుందా అని అందరూ అడిగేవారు. చీకటి కూడా కాదు. వీపు వెనక ఉన్నది ఎవరికైనా ఎలా కనిపించదో, అలాగే.

ఆస్పత్రి నుంచి ఢిల్లీ పక్కన వైశాలిలో ఉన్న మా ఫ్లాటుకు వస్తుంటే దారిలో ఇందిరాపురం బోర్డును 'పురం' అని చదివాను. ఏ పురమో చెబితే దిగిపోదామంది మా ఆవిడ. ఆవిడ నర్సు. భీమవరం దగ్గర పుట్టి, ఢిల్లీ ఆస్పత్రుల్లో సగం జీవితం గడిపిన మనిషి. నాకంటే పెద్ద రోగుల్ని చూసింది కాబట్టి నా మీద జాలిపడే బదులు వేళాకోళం మొదలుపెట్టింది. కంచంలో ఎడమవైపు కూర మిగిలిపోతే, ఆ వాటా తనకేనా అని అడిగి కంచం తిప్పి పెట్టేది. చర్చిలో వాక్యం చదవమంటే నేను ప్రతి పంక్తి మొదలూ మింగేశాను. దేవుడి మాటల్ని కూడా తగ్గించేశారే అని ఇంటిదాకా నవ్వుతూనే వచ్చింది.

తుడిచిన తడి నేల తొక్కినా, కూరగాయల సంచి దాటుకుని వెళ్ళిపోయినా 'కనపడలేదు' అనేవాణ్ణి. నిజంగానే కనపడేది కాదు. పని ఉన్నప్పుడే నా చూపు మరీ తగ్గిపోతోందని ఆవిడ అనుమానం.

ఆ చలికాలంలో ఒక పొద్దున బాల్కనీలో ఎండకు కూర్చుని పెసరట్టు తింటున్నాను. పక్కింట్లో కుక్కరు కూతలు పెడుతోంది, ఇంకే చప్పుడూ వినపడడం లేదు. ఉన్నట్టుండి నా చేతులు ప్లేటును కుడివైపుకు లాగేసుకున్నాయి, తల వంగిపోయింది. ఎందుకో నాకే తెలియలేదు. తల తిప్పి చూస్తే ఒక పెద్ద కోతి ఎడమ పక్క గోడ మీద, చాచిన చేయి చాచినట్టే ఉంచి, నా వంక కోపంగా చూస్తోంది.

చట్నీ గిన్నెతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి అంతా చూసింది. కోతిని అదిలించి నావైపు తిరిగింది.

"సంచీ కనపడదు, కోతి కనపడుద్దా అండీ?"

"నేను చూళ్ళేదే. ఒట్టు."

"చూడకుండానే ప్లేటు లాక్కున్నారా?"

నిజం చెబుతున్నా దొంగలా దొరికిపోయినట్టుంది. ఆ మధ్యాహ్నమంతా నామీద నాకే అనుమానం పట్టుకుంది.

తర్వాతి సారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఈయన నాటకాలాడుతున్నాడని డాక్టరుకు హిందీలో ఫిర్యాదు చేసింది. ఆయన నవ్వలేదు. నన్ను తన ముక్కు వంకే చూడమని, నా ఎడమ పక్క ఒక చిన్న టార్చిలైటు ఆడిస్తూ, పైకి వెళ్తోందా కిందికా అని అడిగాడు. ఏమీ కనపడడం లేదన్నాను. ఊరికే ఊహించి చెప్పమన్నాడు. సిగ్గుపడుతూనే నోటికొచ్చింది చెప్పాను. చాలావరకు సరిగ్గా చెప్పానట.

కంటి నుంచి మెదడుకు పెద్ద దారి ఒకటుంటే, చిన్న పాత దారులు కూడా ఉన్నాయని ఆయన వివరించాడు. పెద్ద దారి మూసుకుపోతే చూసినట్టు మనకు తెలియదు. అయినా కదిలేదాన్ని ఆ పాత దారులు పసిగట్టి ఒంటికి చెబుతాయట. కోతుల్లోనూ ఇది గమనించారట. మెదడులో ఆ భాగం పోయిన కోతి కూడా కదిలే వస్తువు కోసం సరిగ్గా చేయి చాస్తుందట.

"అయితే ఆ పొద్దున బాల్కనీలో కోతులు రెండున్నాయన్నమాట," అంది మా ఆవిడ. డాక్టరుకు తెలుగు రాదు. అయినా నా మొహం చూసి నవ్వేశాడు.

నాకు మాత్రం కొండంత బరువు దిగింది. నేను నటించడం లేదని తేలింది. నాలో ఎవరో ఇంకా కాపలా కాస్తున్నారనీ అనిపించింది.

పోయిన చూపు తిరిగి రాలేదు. స్కూటరు అమ్మేశాం. తల తిప్పి చూడడం అలవాటు చేసుకుని మళ్ళీ ఆఫీసుకు వెళుతున్నాను. సాయంత్రం మెట్రో దిగేసరికి ఆవిడ స్టేషను బయట ఉంటుంది, నా ఎడమ పక్కకు వచ్చి నడుస్తుంది. అటు వచ్చే రిక్షాలనూ గుంటలనూ చెబుతూ, మధ్యలో వార్డు కబుర్లు కలుపుతూ ఇంటిదాకా ఆపదు. ఆ గొంతు వినిపిస్తున్నంతసేపూ నాకు ఆ వైపు ఏదో లేదన్న సంగతే గుర్తుండదు.